పొటాషియం కొయ్యనన్న దేవదానం గారు

గత గురువారం ఉదయం పరవాడ వెళ్లే బస్సులో ఉండగా ఫోన్ మోగింది. దేవదానం గారి భార్య మరియమ్మ గారు. “మీ మాస్టారు ఎల్లిపోనారమ్మా,” అన్నారు. గుండె జబ్బుతో కొన్నాళ్లుగా మంచం పట్టిన మనిషే. అయినా ఆ వార్తకు నేను సిద్ధంగా లేను. అంతకు పది రోజుల ముందే ఆయన నాతో ఒక మాట అన్నారు. దానికి నేనింకా బదులు చెప్పలేదు.

దేవదానం గారి ఊరు పద్మనాభం. పరవాడలోని ఒక మందుల ఫ్యాక్టరీలో సోడియం, పొటాషియం వంటి లోహాలు భద్రపరిచే గదికి రెండు దశాబ్దాలకు పైగా ఆయనే అధికారి, ఆయనే కాపలాదారు. కార్మికులందరికీ మాస్టారు. పెద్ద చదువులు చదివిన మాలాంటి కెమిస్టులకు కూడా అసలైన గురువు ఆయనే.

ఉద్యోగంలో చేరిన తొలివారంలో నన్ను ఆ గదిలోకి తీసుకెళ్లారు. కళ్లద్దాలు, చేతి తొడుగులు వేయించి, నూనెలో మునిగి ఉన్న సోడియం దిమ్మను పటకారుతో పైకి తీసి కత్తితో చిన్న ముక్క కోశారు. జున్నులా తెగింది. కోసినచోట వెండిలా తళుక్కుమంది. నేను చూస్తుండగానే ఆ మెరుపు మాసి బూడిదరంగు తిరిగింది.

“సూసేవామ్మా? మనకి పేనం పోసే గాలీ నీరూ దీనికి పడవు. నూని ఎప్పుడూ దీని నెత్తి మీదుండాల. ఓ యేలెడు తగ్గిందంటే నువ్వు తప్పు సేసినట్టే,” అన్నారు.

ప్రతి ఉదయం ఒక్కొక్క డబ్బా మూత తీసి నూనె మట్టం చూసేవారు. వాన పడితే ముందు గోడలు తడిమి చెమ్మ చూసేవారు, తర్వాతే టీ తాగేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన ఒక పెద్దాయన, గది ముందు నీళ్ల బకెట్లు లేవేమని గద్దించారు. మాస్టారు తడుముకోలేదు. “పెట్టమంటే పెడతానండి. కాకపోతే తమరు ముందు గేటు దాటి నిలబడాల. దీనికి మంటొత్తే పొడి ఇసకే గానీ నీళ్లు కాదండి.” ఆ పెద్దాయన పుస్తకంలో ఏమీ రాసుకోకుండానే వెళ్లిపోయారు.

ఆ గదిలో ఓ మూల పాత పొటాషియం డబ్బా ఒకటి ఉండేది. పొటాషియం సోడియం వంటిది కాదు. నూనెలో ఉంచినా, ఏళ్లు గడిచేకొద్దీ లోపలికి చొరబడిన గాలితో కలిసి పైన పసుపురంగు పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు మీద కత్తి దింపితే అది కింది లోహంతో, నూనెతో కలిసి పేలే ప్రమాదం ఉంది. మాస్టారు ఆ పెచ్చును గమనించిన రోజే డబ్బా మీద ఎర్రరంగు పూసి, దాన్ని నిపుణుల చేత తీయించి నాశనం చేయించమని పైవాళ్లకు ఉత్తరం రాశారు. జవాబు రాలేదు. మళ్లీ రాశారు. అప్పుడూ రాలేదు.

ఇంతలో కొత్త సరుకు రావడం ఆలస్యమై పని ఆగింది. పాతదే కోసి ఇమ్మన్నాడు షిఫ్టు ఇన్‌చార్జి.

“నాను కొయ్యనండి. ఎవుర్నీ కొయ్యనివ్వను,” అన్నారు మాస్టారు. తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

ఆ వారంలోనే మరియమ్మ గారికి ఆపరేషన్. రెండు రోజులు సెలవు పెట్టక తప్పలేదు. నిబంధన ప్రకారం తాళంచెవి షిఫ్టు ఇన్‌చార్జికి అప్పగిస్తూ, “ఎర్రడబ్బా జోలికెళ్లొద్దు” అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లారు.

మర్నాడు మధ్యాహ్నం ఆ డబ్బాలోది కోశారు. కోసినవాడు అప్పలరాజు, యారాడ మత్స్యకారుల బిడ్డ. సముద్రం మీద భరోసా లేదని ఫ్యాక్టరీలో చేరిన మనిషి. మాస్టారిని “బావా” అని పిలిచేవాడు. మతం వేరైనా, ఊరు వేరైనా ఆ పిలుపు ఇద్దరికీ ఇష్టం. పేలుడుకు అతని ముఖం, ఛాతీ కాలిపోయాయి. మూడో రోజు ఆస్పత్రిలో ప్రాణం పోయింది. చివరిదాకా పక్కన కూర్చున్నది మాస్టారే. అదే ఆస్పత్రిలో, పై అంతస్తులో, ఆయన భార్య ఆపరేషన్ అయి పడుకుని ఉంది.

విచారణ జరిగింది. మాస్టారు తన ఉత్తరాల నకళ్లు అందరి ముందూ పెట్టారు. అవి హెచ్చరికను రుజువు చేశాయి గానీ, ఆరోజు కొయ్యమన్నది ఎవరో వాటిలో లేదు. అప్పలరాజే ఎవరికీ చెప్పకుండా తాళంచెవి తీసుకున్నాడని రాసిమ్మని ఆయన్ను అడిగారు.

“సచ్చినోడి మీద అబద్దం ఎయ్యలేనండి. ఆడు లేచొచ్చి కాదని సెప్పుకోలేడు,” అన్నారు.

ఆయన సంతకం లేకుండానే నివేదిక తయారైంది. తప్పు అప్పలరాజుదేనని తేలింది. ఆ గదికి మాస్టారిని దూరం చేసి, గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకునే పనికి పంపారు. ఉద్యోగ విరమణ దాకా అక్కడే ఎండలో కూర్చున్నారు. నెలనెలా యారాడ వెళ్లి అప్పలరాజు భార్య పోలమ్మను పలకరించి వచ్చేవారు. “నాను సెలవెట్టకుండా ఉంటే ఆడు బతికుండును,” అని ఒక్కసారే నాతో అన్నారు. అది ఆయన ముఖం మీద మాత్రం రోజూ కనిపించేది.

తర్వాత నేను మరో ఫ్యాక్టరీలో భద్రతాధికారినయ్యాను. ఏ సందేహం వచ్చినా ఆయనకే ఫోన్ చేసేదాన్ని. ఎన్నడూ విసుక్కోలేదు. ఆయన పోవడానికి పది రోజుల ముందు చూడటానికి పద్మనాభం వెళ్లాను. ఆయాసపడుతూనే లేచి కూర్చున్నారు. మరియమ్మ గారు మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లాక అన్నారు.

“అమ్మా, ఆరోజు నువ్వు గుమ్మంలో ఉన్నావని అప్పలరాజు నాకు సెప్పేడు. పోయేముందు సెప్పేడు.”

నేను తలెత్తలేదు.

“నాను అడగనేదు, ఇచారణలోనూ నీ పేరెత్తనేదు. నీకు నువ్వే సెప్తావని సూసేను. సిన్నదానివి, కొత్త ఉజ్జోగం, బయపడ్డావు. అది నాకు తెల్దేటి? కానీ పోలమ్మ పిల్లలు వాళ్ల అయ్యదే తప్పనుకుని పెరుగుతన్నారు.”

మరియమ్మ గారు వచ్చారు. మజ్జిగ తాగి, మళ్లీ వస్తానని లేచాను. మళ్లీ వెళ్లింది ఆయన్ను సమాధుల తోటకు మోసుకెళ్తున్నప్పుడు.

అందుకే ఈ నివాళిలో నా వాంగ్మూలం కూడా రాస్తున్నాను. ఆరోజు సరుకు చీటీతో నేను ఆ గుమ్మంలో ఉన్నాను. “బావ వద్దన్నాడు సార్,” అని అప్పలరాజు అనడం విన్నాను. “మాస్టారికి అన్నీ భయాలే. ఒక్క ముక్క కోస్తే కొంపలేం మునగవు, కొయ్యి,” అని షిఫ్టు ఇన్‌చార్జి అనడమూ విన్నాను. పేలాక ఇసుక పోసింది నేనే. వాళ్లు టైపు చేసి తెచ్చిన కాగితంలో ‘నేను ఏమీ చూడలేదు’ అని ఉంటే, కింద సంతకం పెట్టిందీ నేనే.

నిన్న ఇదంతా రాసి ఫ్యాక్టరీల తనిఖీ కార్యాలయంలో ఇచ్చాను. అక్కణ్ణుంచి యారాడ వెళ్లి పోలమ్మకు చెప్పాను. ఆమె ఎండు చేపలు ఏరుతూ చివరిదాకా విన్నది. నన్ను తిట్టలేదు. “ఆ పెద్దాయన ఉండగా సెప్పుంటే బాగుణ్ణు గదమ్మా,” అన్నది.

అవును, బాగుండేది. ధర్మానికి కట్టుబడి పదవినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న ఆ మహనీయుడికి నేను ఇవ్వగలిగిన గురుదక్షిణ ఈ ఒక్క మాటే. దాన్ని ఆయన చెవిన వేయడానికి నాకు ఎన్నో ఏళ్ల సమయం ఉండింది.