భుజం మీద కాపడం

హోటళ్ల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే ఆ లాండ్రీలో ఆమెను అందరూ మడతమ్మ అనేవారు. చేతిరుమాలు వంకరగా మడిచి కనిపించినా ఆమెకు అన్నం సయించదు మరి. మాట మాత్రం మహా పొదుపు. భర్త లారీ డ్రైవరు, వెళ్తే వారాల తరబడి రాడు. ఇంట్లో పలకరించే మనిషే లేకపోతే నోటికి పనేముంటుంది?

పెళ్లయిన చాలా ఏళ్లకు ఆమె నెల తప్పింది. ఫోన్లో చెబితే ఆయన మొహం కనిపించదు కదా, ఎదురుగా ఉన్నప్పుడే చెప్పాలని గుట్టుగా దాచుకుంది. ఒంటరి ఇంట్లో ఆ సంతోషమే ఆమెకు తోడు.

కొన్నాళ్లకు ఒంటిమీది బట్టలకు ఎర్రటి మరకలు కనిపించాయి. పొత్తికడుపులో ఓ పక్క పొడిచినట్టు నొప్పి. ఆస్పత్రికి వెళితే కడుపులో బిడ్డే లేదంటారేమోనని భయపడి వెళ్లలేదు. ఏమైందని ఎవరైనా అడిగితే చెప్పేదేమో. అడిగేవాళ్లేరీ?

ఓ మధ్యాహ్నం పనిలో ఉండగా ఎడమ భుజం కొసన నొప్పి మొదలైంది. ఇస్త్రీవాళ్లకు భుజం నొప్పంటే జలుబులాంటిది, ఎవరూ లెక్కచేయరు. అక్కడ అందరికంటే పాతకాపు పెద్దక్క. ఆవిడే గుడ్డ మడిచి, ఇస్త్రీపెట్టెతో వేడిచేసి తెచ్చింది.

"పొద్దస్తమానం పెట్టె తోస్తే భుజాలు పడిపోవూ? కాపడం పెట్టుకో, దెబ్బకి పోతుంది."

"నేను ఇస్త్రీ చేసేది కుడిచేత్తో కదక్కా?"

"అబ్బో, నొప్పికి కుడి ఎడమలు కూడానా!"

అందరూ నవ్వారు. మడతమ్మ కూడా నవ్వబోయి, కళ్లు తిరిగి దుప్పట్ల గుట్ట మీదికి ఒరిగిపోయింది. ఒళ్లు మంచులా చల్లబడింది. పెద్దక్క కాపడం గుడ్డ అవతల పడేసి కేకలు పెట్టింది. దుప్పట్లు చేరవేసే వ్యానులోనే ఆస్పత్రికి పరుగెత్తించారు.

ఆమె కళ్లు తెరిచేసరికి ఆపరేషన్ అయిపోయింది. పక్కన డాక్టరమ్మ కూర్చుని ఉంది.

"బిడ్డ గర్భసంచిలో కాదమ్మా, దాని పక్కనుండే ట్యూబులో నిలిచింది. అక్కడ పెరిగే వీల్లేదు, తీసి గర్భసంచిలోకి మార్చనూలేం. ట్యూబు పగిలి కడుపంతా రక్తం నిండింది. ఆ రక్తం పైకి చేరితే నొప్పి భుజంలో తెలుస్తుంది. ఇంకాస్త ఆలస్యమైతే నువ్వు దక్కేదానివి కాదు."

"నేను బరువులెత్తడం వల్లేనా?"

"కాదు. నీ తప్పేం లేదు. పగిలిన ట్యూబు తీసేశాం, రెండోవైపుది బాగానే ఉంది. మళ్లీ నెల తప్పితే మాత్రం వెంటనే రా. బిడ్డ ఎక్కడుందో స్కాన్‌ చేసి చూద్దాం."

డాక్టరమ్మ వెళ్లాక మడతమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది. బిడ్డ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. పోయిందని ఎవరొచ్చి ఓదారుస్తారు?

మర్నాడు సాయంత్రానికి భర్త వచ్చాడు. భుజం నొప్పితో పడిపోయిందని మాత్రమే లాండ్రీవాళ్లు ఫోన్లో చెప్పారట. ఎవరినీ ఏమీ అడక్కుండా నేరుగా మంచం దగ్గరికొచ్చి, దారిలో కొన్న నొప్పుల మందు తీసి, ఆమె భుజానికి మెల్లగా రాయసాగాడు.

"ఇక్కడేనా నొప్పి?" అన్నాడు.

నెల తప్పిన మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలనే ఇన్నాళ్లూ ఆగింది. ఇప్పుడు తల ఎత్తలేకపోయింది. ఆయన చెయ్యి పట్టుకుని, దుప్పటి కింద పొత్తికడుపుకున్న కట్టు మీదికి తెచ్చుకుంది.

"ఇక్కడండీ" అంది.