నికెల్ సీసాలో అవ్వ పోసిన నీళ్లు

ఎమ్మెస్సీ చదివే ఆ రోజుల్లో నేను ఏ పనికైనా ముందే వరుస రాసుకునేవాణ్ణి. ఒకటి, సీసా కడగాలి. రెండు, మూత బిగించాలి. మూడు, బస్సులో కిటికీ పక్కన కూర్చోవాలి. (తోటి ప్రయాణికుల మంచితనాన్ని ఏ అంకె కిందా రాసుకోలేదు.) నికెల్ లవణంలో అమోనియా కలిపితే ఊదా రంగు ద్రావణం వస్తుంది. అది ఏయే కాంతిని మింగుతుందో కొలిస్తే, నికెల్‌లోని ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా నెట్టుకుంటున్నాయో లెక్క కట్టవచ్చు. కంటికి కనపడని తోపులాట రంగులో బయటపడుతుందంటే నాకు ఎంత ఆశ్చర్యమో! కానీ కొలిచే యంత్రం బోధన్‌లోని మా కాలేజీలో లేదు. నిజామాబాద్‌లోని ఒక కాలేజీవాళ్లు ఒకే ఒక్క మధ్యాహ్నం ఇస్తామన్నారు. అది తప్పితే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే పట్టా లేదు.

బస్సులో నిలబడటానికే చోటు దొరికింది. సీట్లో కూర్చున్న ఒక అవ్వ, మా వైపు అందరూ చేసేదే, "బరువెందుకు మోస్తవ్ కొడుకా, ఇటియ్యి" అంటూ నా సంచి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి బస్సంతా ఘాటు. "ఎవల్రా గిది? ఏం మోసుకొచ్చిండ్రు?" అని కండక్టర్ ముక్కు మూసుకున్నాడు. వెనకవాళ్లంతా ముందుకు తోసుకొచ్చేసరికి నేను డ్రైవర్ దాకా కొట్టుకుపోయాను. నిజామాబాద్‌లో దిగాక అవ్వ సంచి చేతికిచ్చింది.

"మందు మస్తు ఘాటున్నది బిడ్డా, గొంతు కాలుతది. మూత దీసి కిటికీకాడ వెట్టిన. నా సీసల నీళ్లు గూడ వోసిన. ఇగ తాగు."

చూస్తే ఊదా లేదు, లేత ఆకుపచ్చ. "అవ్వా, అది మందు గాదు!"

"మందు గాకుంటే గింత పైలంగ ఎందుకు దెస్తున్నవ్?"

ఏడుపు ముఖంతో ల్యాబుకు నడుస్తుంటే ఒక ప్రశ్న పట్టుకుంది. ఆకుపచ్చ అయిందంటే నికెల్ చుట్టూ అమోనియా ఆవిరై వదిలేసిన చోట్లలో నీళ్లు చేరాయి. చుట్టూ ఉన్నవాళ్లు మారితే లోపలి తోపులాట కూడా మారుతుందా? సీసాలో తేలుతున్న మసకను వడకట్టి ముందు పచ్చదాన్ని కొలిచాను. తర్వాత అక్కడివాళ్ల అమోనియా అడిగి పోస్తే ఊదా తిరిగొచ్చింది, దాన్నీ కొలిచాను. లెక్క తేలింది: నీళ్ల మధ్య ఎలక్ట్రాన్లు ఎక్కువ నెట్టుకుంటున్నాయి, అమోనియా మధ్య కాస్త విశాలంగా పరుచుకుని తక్కువ నెట్టుకుంటున్నాయి. నా వరుసలో లేని ఆ పోలికే ప్రాజెక్టును నిలబెట్టింది.

"రెండూ పోల్చాలన్న ఆలోచన ఎవరిదయ్యా?" అన్నారు పరీక్షకు వచ్చిన సారు.

"బస్సులో ఒక అవ్వది సార్." ఆయన నవ్వారు గానీ నమ్మలేదు.

అమోనియా చేరితే నికెల్‌లో తోపులాట తగ్గింది, బస్సులో పెరిగింది. ఈ తేడాను రిపోర్టు చివర రాస్తే మా గైడ్ సారు కొట్టేశారు. ఇప్పుడు నా సీసాల మూతలకు రెండు చుట్లు టేపు ఉంటుంది, ఏ రంగూ దారిలో మారదు. అయినా బస్సులో ఏ అవ్వయినా సంచి అడిగితే ఇచ్చేస్తాను. దిగాక ఒకసారి సంచిలోకి తొంగి చూస్తాను కూడా.