పూతరేకు

దైవసహాయం మాస్టారు తెల్లారగానే కాలవగట్టు మీది టీ బడ్డీకి వచ్చి, భుజం మీది తువ్వాలుతో బెంచీ రెండు కొసలూ తుడుస్తారు. ఒకటి తనకి, రెండోది అమ్మిరాజుగారికి. ఒక టీని రెండు గ్లాసుల్లో పంచుకుని, పేపరు చెరిసగం చదువుకుంటూ, మోకాళ్ళని తిట్టుకుంటూ ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు. మొన్న రాజుగారి ఎనభయ్యో పుట్టినరోజుకి వాళ్ళింట్లో పెద్ద విందు. మాస్టారు ముందే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. బొట్టు పెట్టి పిలవక్కర్లేదు, బెంచీ మీద “రండి” అంటే చాలనుకున్నారు. ఆ మాట రాలేదు. చొక్కా కొక్కేనికే ఉండిపోయింది.

మర్నాడు అమ్మిరాజుగారు కాగితంలో చుట్టి ఒక పూతరేకు తెచ్చారు.

“మా చుట్టాలంతా పాతకాలం వాళ్ళండీ మాస్టారూ. మీ పేటలోంచి వచ్చి మీరు మా పంక్తిలో కూర్చుంటే ఎవరేమంటారో, మీరే ఇబ్బంది పడతారని పిలవలేదండి.”

“ఆయ్” అన్నారు మాస్టారు.

కాలవలోకి విసిరేద్దామనుకున్నారు. చెయ్యి మాత్రం నోటికే వెళ్ళింది. పళ్ళు లేని నోట్లో నెయ్యీ బెల్లమూ మెత్తగా కరిగిపోయాయి.

“ఎలా ఉందండీ?” అని ఆత్రంగా అడిగారు రాజుగారు.

“బావుందండి.”

అది అబద్ధం కాకపోవడమే ఆయనకి మింగుడుపడలేదు.