పట్టా మీద చక్రం

ఉదయం ఏడుంబావుకు మా ఆయన వీధి మెట్టు మీద కూర్చుని చెప్పులు తొడుక్కున్నారు. పార్లమెంటు ఎన్నికల ప్రచారానికి అదే ఆఖరి రోజు. అంతకుముందు రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన ఆయన ఈసారి ఎంపీకి నిలబడ్డారు. ఎంపీ స్థానంలో ఏడు నియోజకవర్గాలుంటాయి. మిగతా ఆరింటిలో మా పరిస్థితి బాగా లేదు. పాత నియోజకవర్గంలో మంచి మెజారిటీ వస్తేనే గట్టెక్కుతామని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. ఇంట్లో ఉండలేక వెనక కారులో నేనూ వెళ్లాను.

మా వైపు మిరప కళ్లంలో చెప్పులతో అడుగు పెట్టరు. నాయకులు తొక్కినా ఎవరూ ఏమీ అనరు. ఆయన మాత్రం కారు దూరంగా ఆపించి, చెప్పులు విడిచి లోపలికి నడిచేవారు. ఒక కాయ తుంచి రంగు చూసి, ఆ తర్వాతే మాట మొదలుపెట్టేవారు.

పదకొండు దాటాక ఒక ఊళ్లోకి మలుపు తిరిగాం. రోడ్డుకు ఒక పక్క టార్పాలిన్ పట్టాలు పరిచి మిరపకాయలు ఆరబోశారు. ఎదురుగా లారీ వచ్చింది. ముందు ఆయన నిలబడ్డ ప్రచార వ్యాను పక్కకు జరిగింది. చక్రాలు పట్టా మీదుగా వెళ్లాయి. ఎండుకాయలు నలిగిన చప్పుడు మా కారులోకి వినిపించింది.

కాపలా ఉన్న పెద్దావిడ లేచి నిలబడింది. అకాల వర్షానికి కాయ తడిసిన ఏడాది ఆయన ఆమె కళ్లంలోనే కూర్చుని అధికారులను రప్పించారు. వ్యాను ఆగింది. ఆయన దిగబోతూ కమ్మీ పట్టుకున్నారు. పార్టీ ఇన్‌ఛార్జి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. దర్శి సభలో జనం ఎండలో ఉన్నారని, సాయంత్రానికి మైకులు కట్టేయాలని తొందరపెట్టాడు. ఆయన పైనుంచే దణ్ణం పెట్టారు.

"దిగవా నాయనా?" అంది ఆమె, మామూలు గొంతుతోనే.

"సాయంత్రం వస్తానమ్మా."

"సాయంత్రానికి ఇయ్యన్నీ ఎత్తేస్తాగా."

పక్కన నిలబడ్డ రైతు ఒకాయన, "ఎమ్మెల్యే అయితే దిగేవోడు. ఎంపీ అంటే పైనుండాలిగా మరి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వ్యాను కదిలింది.

ప్రచారం ముగిశాక ఆమె ఇంటికి వెళ్లాం. పట్టా మడిచి ఉంది. ఆయన గుమ్మం బయటే చెప్పులు విడిచారు. ఆమె మంచినీళ్లిచ్చింది. ఓటు సంగతి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. వచ్చేటప్పుడు, "చెప్పులేసుకో నాయనా, చీకటి పడుద్ది" అంది.

ఓడిపోయారు. పాత నియోజకవర్గంలోనూ వెనకబడ్డారు. ఇంటికి వచ్చినవాళ్లు డబ్బు, కులం, గాలి అని కారణాలు చెప్పారు. ఆయన అన్నీ విన్నారు. వాళ్లు వెళ్లాక నాతో, "ఆ రోజు దిగాల్సింది" అన్నారు.

ఒక్క పట్టాకు పార్లమెంటు సీటు పోదన్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను. కాని ఆ ఊళ్లో ఆయనను కారు దిగి వచ్చే మనిషి అని చెప్పుకునేవారు. అలా చెప్పుకున్నవాళ్లే ఆ పూట రోడ్డు మీద ఉన్నారు.

ఆయన మళ్లీ పోటీ చేయలేదు. మిరప కాలంలో ఆ దారిన వెళితే ఊరి మొదట్లోనే కారు ఆపించి, పట్టాలన్నీ దాటేదాకా నడిచేవారు. ఆమె ఉంటే కాసేపు నిలబడి మాట్లాడేవారు. నేను కారులోనే కూర్చునేదాన్ని.

ఆయన పోయాక ఇది రెండో పంట. మార్టూరులో మా చెల్లెలి ఇంటికి ఆ దారినే వెళుతుంటాను. ఆ ఊరి దగ్గర ఇప్పుడు మా కారు ఆగటం లేదు.