మడుగులో తమ్ముడి వాటా

మా చిన్నప్పుడు... అరకులోయకి రైలు లేదు, బండి బాటా లేదు. తెల్లదొరల కాలం. మా ఊరి కింద కొండల్లోంచి పారే గెడ్డలో ఒక మడుగు ఉండేది. తొలకరి పడిందంటే అందులో ఎవరూ చెయ్యి పెట్టకూడదు... చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. మళ్ళీ పుష్యమాసంలో ఊరంతా కలిసి దిగితేనే వేట.

ఆ శ్రావణానికి అమ్మకి మూడో నెల. గంజి కూడా కడుపులో నిలవక చిక్కి సగమైంది. ఒకరోజు గోడకి చేరగిలబడి, "సిన్న సేప ముక్కుంటే రెండు ముద్దలు తిందునే" అంది.

అంతే... బుట్ట పట్టుకుని గెడ్డకి ఒకటే పరుగు. నేనప్పటికి ఎనిమిదేళ్ళ గుంటనేమో... ఆడపిల్లని మా వైపు అలాగే అంటారు. చురుకైనవన్నీ జారిపోయాయి. బరువుగా, మెల్లగా ఈదుతున్నది ఒక్కటి దొరికింది. నా అంత ఘనమైన దొంగ లేదనుకున్నాను! తలెత్తితే గట్టు మీద మా ఊరిపెద్ద... పిల్లలందరం తాత అనేవాళ్ళం.

"ఏటి గుంటా, ఎవులికది?"

"మా యమ్మకి తాతా... ఏటీ తినలేకపోతంది."

తాత తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని చేప పొట్ట మీద పెట్టాడు. గుడ్లతో నిండుగా ఉంది.

"ఇదీ మీ యమ్మలాగే ఉంది గదే" అన్నాడు.

నేనే దాన్ని నీళ్ళలో వదిలేశాను. కానీ ఊరి కట్టుబాటు కట్టుబాటే... తప్పు చేసిన ఇంటికి ఆ ఏడు వాటా లేదు. నా వల్ల అమ్మకి చేప దక్కకుండా పోయిందని ఎన్ని రోజులు ఏడ్చానో!

పుష్యంలో ఊరంతా అడ్డకట్ట వేసి నీళ్ళు తోడారు. గట్టు మీద అడ్డాకులు పరిచి తలకో వాటా వేస్తున్నారు. చూలాలికి మాత్రం రెండు... ఒకటి ఆమెకి, ఒకటి కడుపులో బిడ్డకి. మా ఇంటికి ఆకు వెయ్యలేదు. నాన్న తల దించుకుని నిలబడ్డాడు. అమ్మ నా తల నిమురుతూనే ఉంది.

అప్పుడు తాత వచ్చి ఒక్క ఆకు పరిచాడు.

"తప్పు గుంట సేసినాది. కడుపులోది సెయ్యలేదు గదా! దాని వోటా దానికెయ్యండి."

ఆ పూట అమ్మ కడుపునిండా తింది. నేను ఒక్క ముక్క ముట్టలేదు... సరే, చట్టి అడుగున పులుసు నాకాను, అబద్ధమెందుకు.

మాఘంలో తమ్ముడు పుట్టాడు. తల నెరిసినా, "నా వోటా మీరే తినేసినారే అప్పా" అని ఈ అక్కని ఇప్పటికీ దెప్పుతుంటాడు.

మొన్న వానలకి ఇద్దరం ఆ మడుగు దగ్గరికి వెళ్ళాం. ఎవరో నీళ్ళలో మందుగుండు తూటా పేల్చి పెద్ద చేపలు ఏరుకుపోయారు. మిగిలినవి గుడ్ల పొట్టలతో తెల్లగా తేలుతున్నాయి. ఆ రోజు తమ్ముడు వాటా మాటే ఎత్తలేదు.

మీ ఊళ్ళో కూడా ఇంకా పుట్టని బిడ్డకి వాటా తీసేవారా? ఉంటే చెప్పండి... వాడికి చదివి వినిపిస్తాను.