ఖాళీగా లేని మనిషి

జక్కయ్య రోజూ తెల్లారగానే పార భుజాన వేసుకొని పల్లె దాటేవాడు. ఎవరో పనికి పిలిచి కాదు. పట్టపగలు ఇంటి నీడన కూర్చున్న మగవాణ్ణి కారంపూడి చుట్టుపక్కల 'ఖాళీగాడు' అంటారు. తాగుబోతు అన్నా పడతారు గాని ఆ మాట పడరు. అందుకని వాగు ఒడ్డున తుమ్మల కింద పొద్దు గడిపి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు. భార్య మణెమ్మ కలుపుకో, మిరప కోతకో పోయి తెచ్చిన జొన్నలతో ఇల్లు గడిచేది. పారకు మన్ను అంటడం లేదని ఆమె ఎప్పుడో చూసింది. ఏమీ అనకుండా దాన్ని గోడకు ఆనించి గంజి పోసేది.

పటాలంలో ఉండగా అతను అస్సాం కొండల్లో రోడ్లు వేశాడు. యుద్ధం అయిపోగానే ఇంటికి పొమ్మన్నారు. వచ్చేసరికి పాత కామందు ఇంకొకణ్ణి జీతానికి పెట్టుకున్నాడు. పటాలం చూసొచ్చినవాడు చెప్పిన మాట వినడని మిగతా రైతులు పిలవలేదు. అలా ఏడాది దాటింది. నలభై ఏడు ఎండాకాలం వచ్చింది.

ఒకనాడు అతనితో పటాలంలో పనిచేసిన ఇమాం సాహెబ్ వెతుక్కుంటూ వాగు దగ్గరికే వచ్చాడు.

"ఒరేయ్ జక్కా, రేపు గురజాలకు ఆఫీసరొస్తన్నాడంట. పటాలం నుంచొచ్చి పని లేకుండా ఉన్నోళ్ళకి గుంటూర్లో వడ్రంగం, మోటారు పని నేర్పిస్తారంట. తిండి సర్కారుదే. ఆనక కొలువు గూడా చూస్తారంట."

"నాకిస్తారంటావా?"

"నీకియ్యక మీ మామకిస్తారా? పా!"

మర్నాడు తాలూకా కచేరీ వరండా నిండిపోయింది. ఆఫీసరు నాగభూషణరావు చెమట తుడుచుకుంటూ అందరినీ ఒకే ప్రశ్న అడుగుతున్నాడు. జక్కయ్య వంతు వచ్చింది.

"ఏమయ్యా, ఇప్పుడు ఖాళీగా ఉన్నావా?"

వెనక తన ఊరివాళ్ళు నిలబడి ఉన్నారు. జక్కయ్య ఛాతీ విరిచాడు.

"నేనెందుకు ఖాళీగా ఉంటానండీ? ఒళ్ళు దాచుకునే మనిషిని కాదు. రోజూ పనికి పోతాను."

"సంతోషం," అన్నాడు ఆఫీసరు. నిజంగానే సంతోషించినట్టున్నాడు. "పని ఉన్నవాళ్ళకి కాదు ఇది. తర్వాత ఎవరు?"

తర్వాత ఇమాం సాహెబ్. "ఖాళీయే హుజూర్! నేను ఖాళీ, జేబు ఖాళీ, కడుపు ఖాళీ!" వరండా అంతా నవ్వింది. ఆఫీసరు కూడా నవ్వి అతణ్ణి తీసుకున్నాడు.

బయటికొచ్చాక ఇమాం సాహెబ్ నెత్తి కొట్టుకున్నాడు. "ఆయనడిగింది పని దొరికిందా లేదా అనిరా! నువ్వు సోమరివా అని కాదు!"

జక్కయ్య మళ్ళీ లోపలికి పరుగెత్తాడు. ఆఫీసరు విసుక్కున్నాడు. "ఇందాక పని ఉందన్నావు, ఇప్పుడు లేదంటున్నావు. మీ మునసబు చేత చెప్పించు. ఎల్లుండి పొద్దుటి రైలు దాకా ఇక్కడే ఉంటాను."

మునసబు బ్రహ్మానందం అరుగు మీద విసనకర్రతో విసురుకుంటూ విన్నాడు.

"ఏందిరా, పని లేదా? రోజూ పార ఏసుకొని మా దొడ్డి ముందునుంచే పోతావు గదరా!"

"ఎక్కడికీ పోవట్లేదయ్యా. వాగు కాడ కూకొని వస్తన్నా."

"ఏడాదిగా నన్నే ఏమార్చావన్నమాట. మరి ఇప్పుడు చెప్పేది నిజమని ఎట్టా నమ్మేది? పో, పో. అబద్ధపు సాక్ష్యం నేను చెప్పను."

మరునాడు మణెమ్మ తానే భర్తను వెంటబెట్టుకొని గురజాలకు బయలుదేరింది. అతను వద్దంటే వినలేదు. కచేరీ వరండాలో ఆఫీసరు అడిగాడు: "నీ భర్తకు పని ఉందా, లేదా?"

ఆమె పైట తలమీదికి లాక్కుంది. అంతమంది మగవాళ్ళ ముందే చెప్పింది.

"లేదయ్యా. ఏడాదై ఒక్కరూ పిలవలా. పార బట్టుకొని పోయి వాగు కాడ కూకుంటాడు. నేను తెస్తే తింటాడు. నాకు తెలవదనుకుంటాడు."

ఎవరూ నవ్వలేదు. జక్కయ్య గచ్చు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"నమ్మానమ్మా," అన్నాడు నాగభూషణరావు మెల్లగా. "కాని చోట్లన్నీ నిండాయి. రేపు రైలుకు ఎవరైనా రాకపోతే ఆ చోటు ఇతనిది. స్టేషన్లో ఉండమను."

ఆ రాత్రి ఇద్దరూ స్టేషన్ బయటే పడుకున్నారు. తెల్లారాక ఎంపికైనవాళ్ళు మూటలతో రావడం మొదలుపెట్టారు. ఒక్కొక్కడు గేటు దాటుతుంటే జక్కయ్య వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. చివరికి రావలసినవాడు ఒక్కడే మిగిలాడు. పెట్టె తెచ్చుకోవడానికి బొగ్గుతో నడిచే బస్సులో కారంపూడి వెళ్ళిన ఇమాం సాహెబ్.

మాచర్ల నుంచి రైలు వచ్చి నిలబడింది. అతను రాకూడదని జక్కయ్య ప్రార్థన చేశాడు. సిగ్గేసి మానేశాడు. మళ్ళీ చేశాడు.

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "ఇక ఎక్కు."

జక్కయ్య ఎక్కాడు. మణెమ్మ జొన్నరొట్టెల మూట అతని చేతిలో పెట్టింది. కూత వేసి బండి కదిలింది. అప్పుడే రోడ్డు మీంచి కేకలు. పెట్టె నెత్తిన పెట్టుకొని ఇమాం సాహెబ్ పరుగెత్తుకొస్తున్నాడు.

"బొగ్గు బస్సు సగం దోవలో చచ్చింది! ఒరేయ్ జక్కా, చెయ్యియ్యరా!"

బండి ఇంకా నడక వేగంతోనే ఉంది. ఇమాం సాహెబ్ పెట్టె వదిలేసి రెండు చేతులూ చాపాడు. జక్కయ్య ఎందుకు ఆ బండిలో ఉన్నాడో అతనికి తెలియదు. మిత్రుడికీ చోటు దొరికిందనుకొని నవ్వుతున్నాడు కూడా.

జక్కయ్య తలుపు కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. రెండో చేతిలో రొట్టెల మూట ఉంది.

ప్లాట్‌ఫారం అయిపోయింది. ఇమాం సాహెబ్ కంకర మీద కూడా కొంతదూరం పరుగెత్తి ఆగిపోయాడు. దూరంగా మణెమ్మ వంగి, అతని పెట్టెలోంచి చెదిరిన బట్టలు ఏరుతోంది. రైలు వైపు చూడలేదు.

"ఎవరయ్యా ఆ అరిచింది?" లోపలినుంచి ఆఫీసరు అడిగాడు.

"ఎవరో బండి తప్పినోడండీ," అన్నాడు జక్కయ్య.