వాగు ముందు ఆపిన బస్సు

నేను మోకాళ్ళకు మందు రాసుకుంటుంటే మా ఆవిడ ముక్కు మూసుకుంటుంది. "గా కంపు మందు తప్ప ఇంకోటి దొరుకతలేదా నీకు?" అంటుంది. కోరుట్లలో మందుల షాపుకు వెళితే వాసన లేనివి చాలానే ఉన్నాయి. నేనే అడిగి మరీ ఈ ఘాటుదాన్ని తెచ్చుకుంటాను. మూత తియ్యగానే కళ్ళు మండించే ఆ కర్పూరపు వాసన నన్ను ఒమాన్‌లోని సహం ఊరికి, ఒక ఫుట్‌బాల్ క్లబ్బు బస్సులోకి తీసుకుపోతుంది. అక్కడ డ్రైవర్ పక్క సీటులో కుడికాలు బారజాపుకుని గెన్నాదీ అనే రష్యా మనిషి కూర్చుని ఉంటాడు. మా ఊళ్ళో నన్ను మొండోడంటారు. ఆ మొండితనం నాకు పుట్టుకతో రాలేదు, ఆయన దగ్గర నేర్చుకున్నాను. నేర్చుకున్నందుకు విచారం కూడా లేదు.

తొంభైల మొదట్లో సంగతి. ఆ క్లబ్బులో నేను బస్సు డ్రైవర్‌ని. కడప నుంచి వచ్చిన యూసుఫ్ భాయ్ ఆటగాళ్ళ బట్టలు ఉతికి, బూట్లు తుడిచేవాడు. మా ఇద్దరినీ అందరూ "రఫీక్" అనే పిలిచేవారు. అరబ్బీలో ఆ మాటకు స్నేహితుడని అర్థమట, పిలిచే తీరు మాత్రం "ఒరేయ్" అన్నట్టే ఉండేది. నా నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే, "అయ్వా", అంటే సరేనని. మిట్టమధ్యాహ్నం ఎండలో బస్సు కడగమన్నా అయ్వా, శుక్రవారం సెలవు లేదన్నా అయ్వా. గెన్నాదీ కోచ్‌గా వచ్చిన మొదటి రోజే నా పేరు అడిగాడు. గంగారాం అని చెబితే ఒకటికి రెండుసార్లు పలికి చూసుకుని, "గంగా" అని ఖాయం చేశాడు. మా వైపు అది ఆడవాళ్ళను పిలిచే పేరని చెప్పబోయి, ఎందుకొచ్చిన గొడవలే అని దానికీ అయ్వా అన్నాను.

ఆయన ఒకప్పుడు తన దేశంలో పేరున్న మిడ్‌ఫీల్డర్. వెనక కాపు కాసేవాళ్ళకూ ముందు గోల్ కొట్టేవాళ్ళకూ నడుమ నిలబడి ఆట నడిపేవాడన్నమాట. గోల్ కొట్టేది ఇంకొకడు, భుజాల మీద ఊరేగేదీ ఇంకొకడే. ఆయన ప్రాక్టీసు పద్ధతి మాకు చాలా వింతగా ఉండేది. బంతి కాలి దగ్గరికి రాకముందే దాన్ని ఎవరికి ఇవ్వబోతున్నాడో ఆటగాడు గట్టిగా అరవాలి. మిగిలినవాళ్ళు "విన్నాం" అని బదులు అరవాలి. నోరు మూసుకుని ఎంత బాగా ఆడినా సరే, వాణ్ణి బయట కూర్చోబెట్టేవాడు. సహం కుర్రాళ్ళు చేపలు పట్టేవాళ్ళ బిడ్డలు, ఖర్జూర తోటలవాళ్ళ బిడ్డలు. పెద్దల ముందు గొంతెత్తే అలవాటు వాళ్ళకు లేదు, మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేవారు. కొన్నాళ్ళకు మైదానం చేపల బజారై కూర్చుంది.

"ఆటలో తప్పు చెయ్యొచ్చు గంగా, చెప్పకుండా మాత్రం చెయ్యకూడదు. నువ్వు చెబితే పక్కవాడు కాచుకుంటాడు" అనేవాడు. ఆయన మాటలో కొన్ని ఇంగ్లీషు ముక్కలు, కొన్ని అరబ్బీ ముక్కలు. నా దగ్గర ఉన్నవీ ఆ ముక్కలే కాబట్టి మాకు బాగా కుదిరింది.

ఒక సాయంత్రం ఆటగాళ్ళు నమాజుకు వెళ్ళినప్పుడు, బస్సులో కూర్చుని మోకాలికి మందు రాసుకుంటూ తన కథ చెప్పాడు. ఆడే రోజుల్లో ఒకసారి మోకాలు వాచిపోతే ఆడవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. క్లబ్బు పెద్దమనిషి ఇంటికొచ్చి, ఈ ఒక్క ఆట ఆడు, పెద్దపెద్దవాళ్ళు చూడడానికి వస్తున్నారని బతిమాలాడట.

"సరే అన్నాను. సగం ఆట కూడా కాలేదు, లోపల తాడు తెగినట్టు చప్పుడైంది. అంతే, నా ఆట అయిపోయింది."

"ఆయన్ని తిట్టుకున్నరా సాబ్?" అని అడిగాను.

"ఆయన్నెందుకు? నొప్పి ఆయనకు తెలీదు. తెలిసినవాణ్ణి నేను. తెలిసి నోరు మూసుకున్నాను."

ఇంకా ఎంతో ఆడాల్సిన వయసులో ఆయన కోచ్ అయ్యాడు. ఆ రోజు నాకు ఆయన మీద జాలేసింది. అంతకుమించి ఏమీ తోచలేదు.

ఆ చలికాలంలో కొండల వైపున్న రుస్తాక్‌లో ఆట పడింది. గెలిస్తే మా జట్టు పై డివిజన్‌కు చేరుతుంది. సహంలో ఎవరిని కదిలించినా అదే మాట. ముందురోజు నుంచే కొండల మీద మబ్బు కమ్ముకుని ఉంది. దారిలో రోడ్డు ఒకచోట వాగులోకి దిగి మళ్ళీ అవతల ఎక్కుతుంది. అక్కడి వాగులు ఏడాదంతా ఎండి రాళ్ళు తేలి ఉంటాయి, పైన వాన పడితే చూస్తుండగానే లేచి వస్తాయి. నీటి లోతు తెలియడానికి రోడ్డు పక్కన రంగులేసిన గుంజలు పాతారు. మేం చేరేసరికి నీళ్ళు ఎర్ర రంగును అందుకున్నాయి. నేను బస్సు ఆపాను.

క్లబ్బు మేనేజరును అందరూ ముదీర్ అంటారు. ఆయన వెనక సీటులోంచి లేచి వచ్చి, "నడుపు రఫీక్!" అన్నాడు. అప్పుడే మా కళ్ళ ముందు పెద్ద లారీ ఒకటి నీళ్ళు చిమ్ముకుంటూ అవతలి ఒడ్డు ఎక్కేసింది. "చూశావా? దాన్ని నడిపింది కూడా మనిషే. ఆట పోయిందా, నీ వీసా క్యాన్సిల్. ఇంటికి పంపిస్తా!"

ఊళ్ళో మా ఇల్లు గోడల దాకా లేచి ఉంది, ఈ ఉద్యోగం పోతే అది అలాగే ఆగిపోతుంది. చెయ్యి గేరు మీదికి పోయింది. అయ్వా అన్న మాట నాలుక చివర సిద్ధంగానే ఉంది. గెన్నాదీ దిగి, కుంటుకుంటూ నీళ్ళ అంచు దాకా వెళ్ళి చూసి వచ్చాడు. ఆయనే వద్దంటే బాగుండునని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఆయన అనలేదు.

"బస్సు సంగతి నాకు తెలీదు, నీకు తెలుసు. చెప్పు. అందరికీ వినబడేట్టు చెప్పు" అన్నాడు.

"నేను తోలను!" అని అరిచాను. భయంలో ముందు తెలుగే వచ్చింది. తర్వాత వచ్చీరాని అరబ్బీలో మళ్ళీ అరిచాను, లారీకి బరువుంది, ఈ బస్సుకు లేదు, నీళ్ళు పక్కకు నెట్టేస్తాయి, నేను పోను అని. అంతలో వెనక నుంచి జట్టు కెప్టెన్ "విన్నాం!" అని అరిచాడు. తర్వాత ఇంకొకడు అందుకున్నాడు, చివరికి బస్సంతా అరిచింది. ముదీర్ మొహం కందగడ్డలా అయింది.

ఆడకుండానే ఓడిపోయాం. పొద్దుగూకేసరికి వాగు తగ్గిపోయింది. ఆ రోజు అందులో ఏ బండీ కొట్టుకుపోలేదు, నా మాట నిజమని చూపించడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు. రూముకు వచ్చాక యూసుఫ్ భాయ్ నన్ను పట్టుకుని కడిగేశాడు.

"ఏమప్పా, నీకేమన్నా పిచ్చి పట్టిందా? పొయ్యి ముదీర్ కాళ్ళు పట్టుకో. తప్పయిపాయ అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతాది?"

"తప్పు చేస్తే అందును భాయ్. చెయ్యలే గదా."

అన్నానే గానీ ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

క్లబ్బు పెద్దలు నన్ను పిలిపించిన రోజు, ఎవరూ పిలవకుండానే గెన్నాదీ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"జట్టు నాది. ఆ రోజు ఆగింది నా జట్టు. పంపాలనుకుంటే నన్ను పంపండి. ఇతన్ని పంపితే రేపటి నుంచి నా కుర్రాళ్ళు నోరు తెరవరు. నోరు తెరవని జట్టుకు నేను కోచ్‌గా ఉండను" అన్నాడు.

"అయితే నీ దేశానికి వెళ్ళిపో" అన్నాడు ముదీర్.

గెన్నాదీ పకపకా నవ్వాడు. "ఏ దేశానికి? నా పాస్‌పోర్టు మీదున్న దేశం ముక్కలైపోయింది, ఇప్పుడు లేదు. అంత దేశం పోయినా నేనున్నాను, నీ క్లబ్బు పోతే ఉండనా?"

నన్ను ఉంచి, ఆయన్ని తీసేశారు. పై డివిజన్ పోయిన కోపం ఎవరో ఒకరి మీద తీరాలి కదా.

వెళ్ళేరోజు క్లబ్బు బస్సు ఇవ్వొద్దని, టాక్సీలో పొమ్మని ముదీర్ హుకుం. నేను బస్సు తీశాను. జట్టులో సగం మంది ఎక్కారు. యూసుఫ్ భాయ్ నన్ను తిడుతూనే ఎక్కి ముందు సీటు తుడిచాడు. సీబ్ విమానాశ్రయం దగ్గర దిగాక గెన్నాదీ అడిగాడు, "బస్సు తెమ్మని ఎవరు చెప్పారు?"

"ఎవ్వరు చెప్పలే సాబ్. నేనే తెచ్చిన."

ఆయన నా వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. నేను స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. సహం తిరిగొచ్చి, వాళ్ళు అడగకముందే బస్సు తాళాలు ముదీర్ బల్ల మీద పెట్టి ఇంటిదారి పట్టాను.

ఊళ్ళో ఇల్లు చాలాకాలం మొండిగోడలతోనే నిలబడింది. మళ్ళీ వీసా దొరికి ఒమాన్‌లోనే అల్ హైల్‌లో టిప్పర్ తోలాను. బ్రేకులు పట్టని బండిని సైట్‌కు తియ్యమంటే తియ్యనన్నాను, మళ్ళీ ఇంటిదారి పట్టాను. ఇక్కడికొచ్చి స్కూలు బస్సు తోలాను. పిల్లల్ని గొర్రెల్లా కుక్కమంటే కుదరదన్నాను, అదీ పోయింది. కోపం వచ్చినప్పుడల్లా మా ఆవిడ వీటన్నిటినీ వరసపెట్టి చదువుతుంది. చదవనీ. నేను తోలిన బండి ఎక్కినవాళ్ళందరూ ఇళ్ళకు చేరారు.